ఇంటి ఐపీ అడ్రసు మార్చుకొనుట



నేటి నా ప్రసంగ విషయము మీకు కొంత వింతగా తోచవచ్చును. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు సంధులు, సమాసములు చెప్పినవాడు, ప్రాచ్యకళాశాలలో వ్యాకరణము వల్లించినవాడు, ఇంటర్నెట్టును గూర్చి యేమి చెప్పగలడని మీరడుగవచ్చును. ఆ విద్యలో నేను పండితుడను గాను. అయినను క్రిందటి యాషాఢమాసమున మా యింట జరిగిన యొక సంగతివలన దీనిని కొంత తెలిసికొనక తప్పినది కాదు. తెలిసికొన్న పిమ్మట, తెలియక మునుపు నేను రెండు తప్పులు చేసితినని తేలినది. అందొకటి మా వైఫై పెట్టె యెడల, రెండవది పొరుగింటి కుర్రవాని యెడల.

మాది దివిసీమలో నొక చిన్న గ్రామము. మా కుమార్తె కొడుకు ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ర్యాంకు తెచ్చుకొని, తనకు కావలసిన కళాశాలల పేర్లను వరుసగా సైటులో నింపవలసి యుండెను. మరునాటితో గడువు ముగియును. మా యింట నెట్టు ఉన్నదని వీధిలోని మరి ముగ్గురు పిల్లలు కూడ సెల్‌ఫోనులు పట్టుకొని మా అరుగుమీదికి చేరిరి. వారిలో నొకడు పాస్‌వర్డు మరచి, ఒకటికి పదిసార్లు తోచినదెల్ల కొట్టి చూచుచుండెను. రాత్రి 8 గంటలవేళ మా మనుమడు లోపలికి పరుగెత్తుకొని వచ్చి, "తాతయ్యా, మన ఐపీ అడ్రసును సైటువాళ్లు ఆపేశారు. తప్పుడు ప్రయత్నాలు ఎక్కువయ్యాయట. ఎవరి ఫోనులోనూ తెరుచుకోవడం లేదు" అనెను.

"మన అడ్రసు వాళ్లకెవరు చెప్పారురా?" అని నేనడిగితిని. నాకు తెలిసిన అడ్రసు మా డోరునెంబరును, పోస్టాఫీసు పిన్‌కోడును మాత్రమే.

వాడు నవ్వలేదు. అది నవ్వు సమయమును గాదు. కొత్త ఐపీ అడ్రసు తెచ్చుకొన్నచో సైటు తెరచుకొనుననియు, అందుకు పెట్టెను ఆర్పి మరల వెలిగింపవలెననియు వాడెక్కడనో వినియుండెను. ఆర్పితిమి, వెలిగించితిమి. మన అడ్రసు బయటివారికెట్లు కనబడుచున్నదో చూపెడు సైటులు కొన్ని కలవు. అందొకదానిని తెరచి చూడగా పాత అడ్రసే యున్నది. మరల ఆర్పితిమి. మరల నదే. అప్పుడు నేను పెద్దరికము చూపి, పెట్టె వెనుకనున్న సన్నని రంధ్రములో మా యింటావిడ తలపిన్ను గ్రుచ్చి, నొక్కిపట్టి, పది లెక్కపెట్టితిని. అక్కడ 'రీసెట్' అని వ్రాసియుండుటచే అన్నియు కొత్తవగునని నా యూహ. కొత్తవే అయినవి. కంపెనీవారు పెట్టెలో నింపియుంచిన యూజరుపేరు, పాస్‌వర్డు తుడిచిపెట్టుకొనిపోయి, నెట్టు మొత్తమునకే పోయినది.

ఆ రాత్రి కార్యము గట్టెక్కించినది మా అమ్మాయి సెల్‌ఫోను. దాని డేటాను హాట్‌స్పాట్‌గా పెట్టి నలుగురును ఒకరి తరువాత నొకరు 11 గంటలలోపల పని ముగించుకొనిరి. సెల్‌ఫోను కంపెనీ వేరు గనుక దాని అడ్రసు వేరు. ఆ సైటునకు మేము కొత్తవారమైతిమి. ఈ యుపాయము మొదటనే తోచియున్నచో పిన్నుతో పనియే లేకపోయెడిది. గడువు ముంచుకొని వచ్చినప్పుడు మీరును ముందుగా దీనినే చేయుడు.

అంతటితో నేనూరకుండవలసినది. ఉండక, పాస్‌వర్డు మరచిన పిల్లవానిని అందరియెదుట నిలబెట్టి, "నీ మూలంగా నలుగురి చదువులూ గంగలో కలిసేవి" అని మందలించితిని. వాడేదో చెప్పబోయి, మానుకొని, తలవంచుకొని వెళ్లిపోయెను.

రెండు దినములకు నెట్టు పనిచేయు యువకుడు వచ్చెను. అతడు ఎనిమిదవ తరగతిలో నావద్ద తెలుగు చదివినవాడు. పెట్టెను సరిచేయుచు, నేనడిగిన ప్రశ్నలకెల్ల ఓపికతో సమాధానము చెప్పెను. నాటి శిష్యుడు నాకు గురువైన యా గంటసేపటి పాఠమును, పిమ్మట నేను చదివి తెలిసికొన్న దానితో గలిపి, మీకు విన్నవించుచున్నాను.

ఇంటర్నెట్టులో మనము పంపునదెల్ల చిన్న చిన్న మూటలుగా విడిపోయి పోవును. ప్రతి మూటమీద ఉత్తరముమీదివలెనే రెండు అడ్రసులుండును. ఒకటి చేరవలసినచోటు, రెండవది బయలుదేరినచోటు. బయలుదేరినచోటు వ్రాయనిచో జవాబు తిరిగివచ్చు దారి లేదు. ఈ అడ్రసు అక్షరములలో గాక అంకెలలో నుండును. నాలుగు భాగములు, నడుమ చుక్కలు, ఒక్కొక్క భాగము 0 మొదలు 255 వరకు. ఇదియే ఐపీ అడ్రసు. ఈ పద్ధతిని 1981 సెప్టెంబరులో అమెరికాలో ప్రకటించిరి. లెక్కకట్టిన మొత్తము 429 కోట్ల పైచిలుకు సంఖ్యలు వచ్చును. నాడు ఆ వలలో చేరిన కంప్యూటర్లు కొన్ని వందలే గనుక ఇది తరగని ధాన్యపుకొట్టు వలె గనబడినది. నేడు భూమిమీది జనసంఖ్యయే 800 కోట్లు దాటినది. ఒక్కొక్క యింట ఫోనులు, టీవీలు, కెమెరాలు కలిపి నాలుగైదు పరికరములకు తక్కువ లేవు. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచపు కొట్టులో మిగిలిన చివరి కట్టలను ఐదు ప్రాంతీయ సంస్థలకు తలకొకటి చొప్పున పంచివేసిరి. మన ఆసియా ప్రాంతపు సంస్థ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున నున్నది. అది ఆ యేప్రిల్ నుండియే రేషను దుకాణమువలె కొలిచి పంచసాగినది.

ఈ కరవును మనస్సునందుంచుకొన్నచో తక్కిన సంగతులన్నియు సులభముగా బోధపడును. ఐపీ అడ్రసు మన యింటి సొత్తు గాదు. నెట్టు కంపెనీవారు తమకున్న కొద్దిపాటి సంఖ్యలను కౌలుకిచ్చుచున్నారు. కొన్నిచోట్ల అనేకులకు పాలు పంచియిచ్చుచున్నారు. కౌలుసొమ్మును మార్చుకొనగోరువాడు ముందు కౌలుషరతు తెలిసికొనవలెను గదా.

ఇక మీ యింటిలోనే రెండు విధముల సంఖ్యలున్నవి. మీ ఫోనులోని వైఫై వివరములలో చూచినచో 192.168తో మొదలగు సంఖ్య యొకటి తరచుగా కనబడును. అది లోపలి సంఖ్య. దానిని కంపెనీ ఇయ్యలేదు, మీ రౌటరే ఇచ్చినది. 192.168తోను, 10తోను, 172.16 మొదలు 172.31 వరకును ఆరంభమగు సంఖ్యలను ఇండ్లలో, ఆఫీసులలో లోపలి వాడుకకని విడిచిపెట్టిరి. ఆ సంఖ్యలే మీ యింటను ఉండును, మా యింటను ఉండును. ప్రతి బడిలోను ఒకటవ నెంబరు విద్యార్థి ఉన్నట్లు. అందుచేత అవి గడప దాటి చెల్లవు. గడప దాటునప్పుడు రౌటరు లోపలి సంఖ్యను తీసివేసి, దాని స్థానమున బయటి సంఖ్యను నిలుపును. జవాబు వచ్చినప్పుడు తన చిట్టా చూచుకొని, ఇది ఫలానా ఫోనుదని గుర్తించి లోపలికి చేర్చును. వ్యాకరణము చదివినవారికి ఇది క్రొత్తగాదు. స్థాని తొలగును, ఆదేశము దాని చోట వచ్చి కూర్చుండును, అయినను కార్యము స్థానికి జరిగినట్లే జరుగును. నా శిష్యునితో నీ మాట అన్నప్పుడు, "మాష్టారూ, ఇది మాకు ఆరునెలలు చెప్పారు, మీరు ఒక్క ముక్కలో చెప్పారు" అని నవ్వెను.

కావున కంప్యూటరులో 'రిలీజ్', 'రెన్యూ' అను ఆజ్ఞలిచ్చి అడ్రసు మార్చితిమని సంతోషించువారు మార్చుచున్నది తరచుగా ఈ లోపలి సంఖ్యనే. బయటి సైటు దానిని చూడనే చూడదు. సైటు ఆపివేసినది గడప బయటి సంఖ్యను.

ఆ బయటి సంఖ్యను మార్చుట యెట్లు? కంపెనీ దానినిచ్చు పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది గడువు కౌలు. మీ పెట్టెకు తయారైనచోటనే వేసిన గుర్తుసంఖ్య యొకటి కలదు. దానిని 'మ్యాక్' అందురు. ఆ గుర్తును చూచి కంపెనీ యంత్రము, ఇన్నిగంటలకని యొక సంఖ్య నిచ్చును. గడువు సగము గడచునప్పటికే మీ పెట్టె, బుద్ధిమంతుడగు రైతువలె, ఇదే చెక్క నాకు మరల నిండని అడిగి పొడిగించుకొనును. కనుకనే రెండు నిమిషములార్పి వెలిగించిన యెడల పాత సంఖ్యయే తరచుగా తిరిగి వచ్చును. గడువింకను తీరలేదు, చెక్క మీ పేరనే యున్నది. గడువు తీరి, నడుమ వేరొక యింటికి అది పోయినగాని మీకు కొత్తది రాదు. అందుచే ఈ పద్ధతివారు పెట్టెను రాత్రి పరుండబోవునప్పుడు ఆర్పి తెల్లవారి వెలిగించుట మేలు. మోడెము, రౌటరు వేరువేరు పెట్టెలుగా నున్నయెడల రెంటిని ఆర్పవలెను. వెలిగించునప్పుడు ముందు మోడెము, దాని దీపములు కుదుటబడిన తరువాత రౌటరు. కొన్ని రౌటర్లలో ఆ మ్యాక్ గుర్తును మార్చి వ్రాయు వసతియు కలదు. గుర్తు మారిన కంపెనీ యంత్రము కొత్త రైతు వచ్చెననుకొని కొత్త చెక్క నిచ్చును. కాని కొన్ని కంపెనీలు తమవద్ద వ్రాసికొన్న గుర్తునకు తప్ప నెట్టు ఇయ్యవు. అట్టిచోట ఇది చేసిన ఉన్నదియు పోవును. అడుగక చేయకుడు.

రెండవ పద్ధతిలో యూజరుపేరు, పాస్‌వర్డు చెప్పి పెట్టె ప్రతిసారియు ద్వారము తట్టవలెను. తట్టినప్పుడెల్ల చేతికందిన సంఖ్య నిత్తురు. దీనియందు అయిదు నిమిషములార్పి వెలిగించిననే తరచుగా మారును. ఇది గాక 'స్టాటిక్' అని మూడవది యొకటి కలదు. నెలకింతయని అదనపు రుసుము పుచ్చుకొని, మార్పులేని సంఖ్య నొకదానిని కేటాయింతురు. రైసుమిల్లులో కెమెరా పెట్టి పట్టణమునుండి చూచుకొనువారు కొందరు దీనిని తీసికొందురు. అది ఎన్నిసార్లార్పినను మారదు. వ్రాతపూర్వకముగా నడుగవలసినదే.

మీది ఏ పద్ధతియో తెలియుటకు పెట్టె క్రింద అంటించిన కాగితము చూడుడు. దానిమీద 192.168.1.1 వంటి సంఖ్యయు, యూజరుపేరు, పాస్‌వర్డును ఉండును. ఇంటి వైఫైలో నుండి ఆ సంఖ్యను బ్రౌజరులో కొట్టినచో పెట్టెలోని పుట తెరచుకొనును. అందు 'వాన్' అనుచోట మీ పెట్టెకు కంపెనీ ఇచ్చిన సంఖ్యయు, ఇచ్చిన పద్ధతియు కనబడును. చూచుటవలన నష్టము లేదు. తెలియని దేదియు మార్చి 'సేవ్' నొక్కకుడు.

మా యింటిది రెండవ పద్ధతియే. మరి రెండుసార్లార్పినను అడ్రసేల మారలేదు? ఇదియే నేనడిగిన ముఖ్యమైన ప్రశ్న. నా శిష్యుడు పెట్టెలోని పుట తెరచి 'వాన్' చోట చూపెను. 100.72 అని మొదలైన సంఖ్య యుండెను. పిమ్మట బయటి అడ్రసు చూపు సైటును తెరచెను. అందు పూర్తిగా వేరొక సంఖ్య. పెట్టెను ఆర్పి వెలిగించెను. మొదటిది మారినది. రెండవది మారలేదు.

"ఈ 100.64 నుంచి 100.127 దాకా ఉన్న సంఖ్యలు కంపెనీల లోపలి వాడుకకే మాష్టారూ" అనెను. అడ్రసుల కరవువలన 2012లో ఈ వరుసను ప్రత్యేకించిరి. కంపెనీవారు ఇంటింటికి ఒక బయటి సంఖ్య నీయజాలక, అనేక గృహములను ఒక పెద్ద గవనులోపల నుంచి, ఆ గవనుకు మాత్రమే నిజమైన సంఖ్య నిత్తురు. మన రౌటరు ఇంటిలో చేయు ఆదేశకార్యమునే ఆ గవనులోని యంత్రము మరల చేయును. ఆదేశము మీద నాదేశము. బయటి సైటునకు గవను సంఖ్యయే కనబడును. మనమెన్నిసార్లు స్విచ్చి వేసినను గవనులోపల కుర్చీ మారుదుము గాని, గవను మారకపోవచ్చును.

"అయితే ఆ గవను లోపల ఎన్ని ఇళ్లు ఉంటాయి?" అంటిని.

"మన ఊరొక్కటే కాదు మాష్టారూ, చుట్టుపక్కల ఊళ్లు కూడా ఉండవచ్చు. ఆ రాత్రి గడువని అన్ని ఊళ్ల పిల్లలూ ఆ సైటు మీదే ఉండి ఉంటారు."

అప్పుడు నాకు గుండె కలుక్కుమన్నది. తప్పుడు ప్రయత్నములన్నియు ఒకే సంఖ్యమీద లెక్కకువచ్చియుండును. అవి మా అరుగుమీదివే అని నాకెవరు చెప్పిరి? సాయంకాలము పొరుగింటికి పోయి ఆ పిల్లవానిని పిలిచి, నాకు తెలిసినదెల్ల చెప్పి, "నాయనా, విచారించకుండా నిన్ను కేకలేశాను, తప్పు నాది" అంటిని. వాడు మొదట మొగమాటపడెను. తరువాత మెల్లగా ననినది వినుడు: "నేను ఆ రోజు కొట్టి చూసింది ఆ సైటు పాస్‌వర్డు కాదు మాష్టారూ. నా ఈ-మెయిల్‌ది." ఆ రాత్రి చెప్పబోయి మానుకొన్న మాట అదియే. ముప్పదియేండ్లు పిల్లల తప్పులు దిద్దినవాడను, ఒక ప్రశ్న అడిగి చూడవలెనని నాకు తోచలేదు.

గవను సంఖ్యగల యిండ్లవారు పెట్టె పుటలోని సంఖ్యను, బయటి సైటు చూపు సంఖ్యను సరిపోల్చుకొన్న చాలును. రెండును ఒకటే అయిన గవను లేదు, పైని చెప్పిన పద్ధతులు పనిచేయవచ్చును. వేరైనయెడల మన స్విచ్చి చాలకపోవచ్చును, కంపెనీకి ఫోను చేయవలెను. "నా బయటి ఐపీని ఫలానా సైటు ఆపినది, మార్చగలరా" అని ఆ మాటలతోనే అడుగుడు. లేదా ఊరకుండుడు. ఇట్టి నిలుపుదలలు పెక్కు కొన్ని గంటలలో తమంతట తామే తొలగును. గడువులేని పనికి తొందర యేల?

కొత్త సంఖ్యవలన నెరవేరని పనులు కూడ చెప్పవలెను. నెట్టు మందముగా నున్నచో సంఖ్య మార్చుటచే వేగము రాదు. ఫోనులో దుష్టమైన యాప్ చేరియున్నచో అది పోదు. తప్పుపని చేసి సంఖ్య మార్చిన దాగవచ్చుననుకొనుట వట్టిమాట. ఏ సంఖ్య ఏ గంటకు ఎవరికిచ్చిరో కంపెనీవారివద్ద చిట్టా యుండును. అట్టి చిట్టాలను 180 దినములు భద్రపరుపవలెనని కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఆదేశించియున్నది.

మరియొక సంగతి. మన యీడువారికి ఫోను చేసి, "మీ ఐపీ అడ్రసు నేరములో దొరికినది, వీడియో ముందు కూర్చుండుడు, కదలరాదు, డబ్బు పంపుడు" అని బెదిరించు ముఠాలు బయలుదేరినవి. 'డిజిటల్ అరెస్టు' అనునది మన చట్టములో ఎక్కడను లేదు. ఒకే సంఖ్య వెనుక అనేక గృహములుండునని మీరిప్పుడు వింటిరి గదా. వట్టి సంఖ్యను బట్టి మిమ్ము దోషిగా తేల్చుట యెవరితరమును గాదు. అడ్రసు మార్చిపెట్టెదము, ఈ యాప్ వేసికొనుడు అనువారిని సైతము నమ్మకుడు. ఫోను పెట్టివేయుడు. డబ్బు పోయినయెడల ఆలసింపక 1930 నెంబరునకు ఫోను చేయుడు.

కరవు తీరుటకు ఐపీవీ6 అను కొత్త వరుస వచ్చినది. అందలి సంఖ్యల మొత్తము వ్రాయవలెనన్న 39 అంకెలు కావలెను. మన దేశములో, విశేషించి సెల్‌ఫోనులలో, దీని వాడుక ఇప్పటికే బాగుగా నున్నది. అందు అడ్రసు ముందుభాగమును కంపెనీ ఇచ్చును. వెనుకభాగమును పెక్కు ఫోనులు తామే కల్పించుకొని మార్చుకొనుచుండును. కాని పాతవరుసలోనే నిలిచిన సైటులు ఇంకను చాలగలవు గనుక గవనులు ఇప్పట్లో పోవు.

మా పెట్టె ప్రక్క గోడకు నేనొక అట్టముక్క వ్రేలాడదీసితిని. నెట్టు యూజరుపేరు, కంపెనీ ఫోను నెంబరు, నా శిష్యుని నెంబరు దానిమీద పెద్ద అక్షరములతో వ్రాసితిని. క్రింద ఎఱ్ఱసిరాతో రెండు మాటలున్నవి. సన్నని రంధ్రమును ముట్టరాదు. పసుపుపచ్చని సన్నతీగెను ఊడదీయరాదు, ఊడినచో దాని కొసలోనికి చూడరాదు. అందులో కంటికి కనబడని వెలుగు ప్రసరించును, కంటికి చెరుపు. మూడవ మాటను మా మనుమడు ఆదివారము వచ్చి పెన్సిలుతో చేర్చెను: "తాతయ్య పిన్ను తెస్తే నాకు ఫోన్ చేయండి." దానిని చెరపలేదు.